పరాయి నగరంలో బతుకు ఖర్చు ఎవరి మీద పడింది? పాలమూరు, నల్లగొండ వలసల నేపథ్యం

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఒక మనిషి దుబాయికో, దోహాకో, లండన్‌కో పోవాలని నిర్ణయించుకున్నాక ఇంట్లో వేసే లెక్క దాదాపు అంతటా ఒకే తీరుగా ఉంటుంది. వస్తుందన్న జీతాన్ని ఆనాటి మారకపు రేటుతో గుణిస్తారు. అందులోంచి అప్పు మిత్తి తీసేస్తారు. మిగిలిందంతా ఇంటికి చేరుతుందని అనుకుంటారు. ఆ నగరంలో ఒక మంచానికి కిరాయి ఎంత, పూట తిండికి ఎంత, డ్యూటీకి పోయి రావడానికి ఎంత అన్న ప్రశ్నలు ఈ లెక్కలోకి రావు. దీన్ని ఆ కుటుంబాల అమాయకత్వంగా కొట్టిపారేయడం అన్యాయం. చాలాకాలం పాటు ఆ ఖర్చును నిజంగానే మరొకరు భరించారు. అది కొంచెం కొంచెంగా వలసపోయినవారి మీదికి జరిగింది గానీ, ఊళ్లో లెక్క మాత్రం పాత పద్ధతిలోనే ఉండిపోయింది.

ఈ పద్ధతికి మూలం విదేశీ వలస కంటే ముందే ఉంది. కృష్ణా, తుంగభద్ర నదులు జిల్లా అంచులను ఒరుసుకుంటూ పారుతున్నా పాలమూరు పొలాలకు నీళ్లు అందలేదు. జూరాల ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిందే 1981లో. అప్పటికే మట్టిపనికీ, రాతిపనికీ పెట్టింది పేరైన పాలమూరు కూలీలు దేశంలోని ఎన్నో ఆనకట్టల మీద చెమటోడ్చారు. వాళ్లను గుంపు మేస్త్రీలు ముందుగానే అడ్వాన్సు ఇచ్చి కుదుర్చుకునేవారు. పని జరిగేచోట గుడిసె, వండుకోవడానికి గింజలు, వారం వారం చేతికి కొంత ఖర్చీ మేస్త్రీయే ఏర్పాటు చేసి, చివరి లెక్కలో అదంతా కోసుకునేవాడు. ఆ లెక్క ఎంత దగాకోరుదో ఆ తరం వాళ్లందరికీ తెలుసు. అయినా పరాయిచోట బతకడానికి ఎంతవుతుందన్నది కూలీ ముందుగా తేల్చుకోవాల్సిన విషయంగా ఉండేది కాదు. అది మేస్త్రీ పద్దులోని సంగతి. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు నుంచి ముంబయి, పుణె బస్సులెక్కినవాళ్లకు మాత్రం గది కిరాయి, నీళ్ల ఖర్చు సొంతంగా భరించే అనుభవం ముందే వచ్చింది.

గల్ఫ్‌తో మన రూపాయికి ఉన్న సంబంధాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. బ్రిటిష్ పాలన కాలం నుంచి అక్కడి చిన్న రాజ్యాల్లో భారత రూపాయే చెలామణిలో ఉండేది. ఆ మార్గంలో బంగారం దొంగరవాణా పెరగడంతో 1959లో రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతం కోసం ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయిని ముద్రించింది. 1966 జూన్‌లో మన ప్రభుత్వం రూపాయి విలువను డాలరుకు 4.76 నుంచి 7.50కి తగ్గించిన తరువాత, అప్పటికింకా దానినే వాడుతున్న రాజ్యాలు ఒక్కొక్కటిగా దానిని వదిలి సొంత నాణేలకు మారాయి. 1973లో చమురు ధరలు ఎగబాకి, ఎడారిలో రోడ్లు, రేవులు, భవనాల పనులు ఒక్కసారిగా పెరిగేనాటికి అక్కడి జీతానికీ ఇక్కడి రూపాయికీ మధ్య మారకపు రేటు వచ్చి నిలిచింది.

ఆ తొలి దశాబ్దాల్లో తెలంగాణ నుంచి పోయినవారిలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవారు. పాలమూరు, నల్లగొండల నుంచి పోయినవారు తక్కువ. ఎక్కడివారైనా ఒప్పందం తీరు ఒక్కటే. క్యాంపులో మంచం కంపెనీది, తీసుకుపోయే బస్సు కంపెనీది, చాలాచోట్ల మెస్ కూడా కంపెనీదే, ఒప్పందం ముగిస్తే తిరుగు టికెట్టూ కంపెనీదే. 1983 నాటి వలస చట్టం వచ్చాక, తక్కువ చదువు ఉన్న కార్మికులను పంపేముందు అలాంటి ఒప్పందాన్ని ప్రభుత్వం చూసే ఏర్పాటు కూడా జరిగింది. క్యాంపు గదులు ఇరుకువి, ఎండ భరించరానిది, పనిగంటలకు అంతులేదు. కానీ జీతంలో పెద్దభాగం ఇంటికి పంపగలిగారంటే కారణం నగరం చవకగా ఉండటం కాదు, నగరంతో వాళ్లకు పని పడకపోవడమే.

రెండో కారణం రూపాయి పతనం. దుబాయి ఉన్న యూఏఈ దేశపు నాణెం దిర్హామ్ 1980 నుంచి డాలరుకు సుమారు 3.67 దగ్గర కదలకుండా ఉంది. 1997లో దానిని 3.6725గా స్థిరపరిచారు. రూపాయి మాత్రం జారుతూ వచ్చింది. 1980లో దిర్హామ్‌కు రెండు రూపాయల పైచిలుకు వచ్చేవి. 1991 జులైలో రూపాయి విలువ తగ్గించాక, 1993 నాటికి దాదాపు ఎనిమిదిన్నర వచ్చాయి. 2024లో 23కు దగ్గరగా వచ్చాయి. నెలకు 600 దిర్హామ్‌లు ఇంటికి పంపే మనిషిని ఊహించుకుంటే, 1980లో అది 1,300 రూపాయల లోపు, 2024లో 13,600 రూపాయల పైన. అక్కడ అతని జీతం ఒక్క దిర్హామ్ పెరగకపోయినా ఊళ్లో అది పదింతలైనట్టు కనిపిస్తుంది. ఇక్కడి ధరలు కూడా ఆ కాలంలో ఎన్నో రెట్లు పెరిగాయన్నది ఒక సంగతి. అదే కాలంలో అక్కడి అన్నం, కిరాయి, బస్సు టికెట్టు దిర్హామ్‌లలోనే పెరిగాయన్నది మరో సంగతి. నా దృష్టిలో ఈ రెండోదాన్ని కంటికి కనబడకుండా చేసింది రూపాయి పతనమే. నోట్ల సంఖ్య పెరుగుతున్నంత కాలం నగరం పిరమవుతోందన్న మాట ఇంటిదాకా చేరలేదు.

ఇదే నగరాల్లో పెద్ద కంపెనీల అధికారులుగా వచ్చిన ప్రవాసులకు వేరే ఏర్పాటు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా సంస్థలు తమ ఉద్యోగులను బయటి దేశాలకు పంపినప్పుడు, స్వదేశంలో ఉన్న జీవన స్థాయి తగ్గకూడదన్న సూత్రంతో ఇంటి అద్దె, పిల్లల ఫీజు, ఏటా ఇంటికి వచ్చిపోయే టికెట్టు జీతానికి అదనంగా ఇవ్వడం మొదలుపెట్టాయి. ఎంత అదనం ఇవ్వాలో తేల్చుకోవడానికే నగరాల ఖర్చుల సూచీలు పుట్టాయి. ఏటా వార్తల్లో వచ్చే, మెర్సర్ అనే సలహా సంస్థ తయారుచేసే జాబితా అలాంటిదే. న్యూయార్క్‌ను కొలమానంగా పెట్టుకొని 200కు పైగా నగరాలను పోలుస్తుంది. దాని లెక్కలో ఉండే ఇల్లు అధికారి కుటుంబం ఉండే ఫ్లాటు. దేవరకొండ తండా నుంచి పోయిన డ్రైవరు పడుకునే బెడ్ స్పేస్, అంటే పదిమంది పంచుకునే గదిలో కిరాయికి తీసుకున్న ఒక్క మంచం, అందులో లేదు. అందుకే ఆ జాబితాలో ఒక నగరం పైకి పోయిందా, కిందికి వచ్చిందా అన్నదాన్ని బట్టి మనవాళ్ల పరిస్థితిని అంచనా వేయడం కుదరదు.

కంపెనీ ఆసరా సడలడం 2000 తరువాత స్పష్టంగా కనిపిస్తుంది. చిన్న దుకాణాలు, సెక్యూరిటీ, డెలివరీ పనులు పెరిగాయి. ఆజాద్ వీసా పేరుతో సొంతంగా పని వెతుక్కునేవాళ్లు పెరిగారు. వీళ్లకు క్యాంపు లేదు. అదే సమయంలో దుబాయి 2002లో విదేశీయులకు ఇళ్లు కొనుక్కునే హక్కు తెరిచింది, కిరాయిలు రెక్కలు కట్టుకొని లేచాయి. ప్రభుత్వం పెంపును 2005లో 15 శాతానికి, 2007లో 7 శాతానికి కట్టడి చేయాల్సివచ్చింది. ఏడాది కిరాయిని ముందు తేదీలు వేసిన చెక్కులుగా ఇవ్వాలన్న ఆనవాయితీ వల్ల చిన్న జీతగాడు సొంత పేరుతో గది తీసుకోలేడు. తీసుకున్నవాడి దగ్గర మంచం తీసుకోవాలి. 2008లో ఒక విల్లాలో ఒకే కుటుంబం ఉండాలన్న నిబంధనను గట్టిగా అమలుచేసినప్పుడు, పంచుకొని ఉంటున్నవాళ్లు రాత్రికి రాత్రి చోటు వెతుక్కోవాల్సివచ్చింది. ఆ ఏడాది చివర వచ్చిన ఆర్థిక మాంద్యంతో కిరాయిలు పడిపోయాయి గానీ పనులు కూడా పోయాయి. 2013లో కిరాయి పెంపునకు మార్కెట్ రేటును బట్టి 20 శాతం దాకా అనుమతించే కొత్త పద్ధతి వచ్చింది. 2025లో దుబాయిలోని సత్వా, రిగ్గా వంటి చోట్ల, గదిని అడ్డుగోడలతో ముక్కలుచేసి కిరాయికిచ్చే అనుమతి లేని పార్టిషన్లపై తనిఖీలు జరిగాయి. అగ్నిప్రమాదాల భయంతో చేసే తనిఖీలను తప్పుపట్టలేము. పార్టిషన్ పోయిన మనిషి తన జీతానికి తగిన చోటు ఎక్కడ వెతుక్కోవాలన్నదానికి జవాబు మాత్రం దొరకలేదు.

పన్నుల్లేని దేశాలన్న పేరు కూడా ఈ కాలంలోనే చెరిగింది. 2015 ఆగస్టులో యూఏఈ పెట్రోలు ధరలపై నియంత్రణ ఎత్తేసింది. 2018 జనవరి 1న యూఏఈ, సౌదీ రెండింటిలో 5 శాతం వ్యాట్ మొదలైంది. సౌదీ దానిని 2020 జులైలో 15 శాతానికి పెంచింది. సౌదీలో కుటుంబంతో ఉన్నవారికి అంతకంటే పెద్ద దెబ్బ 2017 జులైలో తగిలింది. భార్యాపిల్లల్లో ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టి, ఏటా 100 పెంచుతూ 2020 నాటికి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఉద్యోగి నెలకు 1,200 రియాళ్లు కట్టాలి. ఎన్నో కుటుంబాలు భార్యాపిల్లలను స్వదేశానికి పంపి, మళ్లీ ఒంటరి బతుకుకు మళ్లాయి.

ఇన్ని పెరుగుదలల మధ్య 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. గల్ఫ్ దేశాల్లో భారత కార్మికులకు సిఫారసు చేసే కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. కరోనా కాలంలో ఉద్యోగాలు వేరే దేశాలవారికి పోకుండా కాపాడటానికేనన్నది ఇచ్చిన కారణం. గల్ఫ్ కార్మిక సంఘాల నిరసనలు, తెలంగాణ హైకోర్టులో వేసిన వ్యాజ్యం తరువాత 2021లో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. కిరాయి, తిండి ధరలు తగ్గకుండా వేతనం తగ్గితే ఆ తేడా ఎవరి కడుపులోంచి పోతుందో ఆ ఉత్తర్వులు రాసినవారు ఆలోచించినట్టు కనిపించదు.

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ కుటుంబాలకు ఇప్పుడు ఇదే ప్రశ్న పిల్లల చదువుల రూపంలో ఎదురవుతోంది. ఇక్కడ కనీసం ఆతిథ్య దేశాలే ఒక అంకె చెబుతున్నాయి. కెనడా 2000 దశకం ఆరంభం నుంచి కదపని 10,000 డాలర్ల జీవన వ్యయ నిబంధనను 2024 జనవరి 1 నుంచి 20,635 డాలర్లకు పెంచింది. బ్రిటన్ లండన్‌లో చదివేవారు చూపాల్సిన నెల ఖర్చును 2025 జనవరిలో 1,334 నుంచి 1,483 పౌండ్లకు పెంచింది. వైద్యానికి విద్యార్థి ఏటా 776 పౌండ్లు విడిగా కట్టాలి. ఇవి ఆనాటికి వీసా ఇవ్వడానికి పెట్టిన కనీస మొత్తాలే. వీటిని ఖాతాలో కొద్దిరోజులు చూపించి, తరువాత వెనక్కి ఇచ్చే ఒప్పందంతో అప్పు తెచ్చే కుటుంబాలు, ఆ అంకె ఎందుకు పెట్టారో గ్రహించకుండానే పిల్లలను విమానం ఎక్కిస్తున్నాయి.

1983 చట్టం స్థానంలో కొత్తదాని కోసం కేంద్రం 2021లో ఒకసారి, 2025లో మరోసారి ముసాయిదాలను ప్రజల ముందు పెట్టింది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని 2024లో తెలంగాణ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం మంచిదే. బతికి ఉన్నప్పటి ఖర్చు గురించి మాత్రం ఇంకా ఏ కాగితమూ మాట్లాడటం లేదు. కొత్త చట్టం వచ్చేటప్పుడు, కంపెనీ వసతి, తిండి ఇవ్వని ప్రతి ఒప్పందంలోనూ ఆ నగరంలో బెడ్ స్పేస్, భోజనం, రవాణాలకు ఆనాడు అయ్యే ఖర్చును భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించి తెలుగులో రాయించాలని, కనీస వేతనాన్ని ఆ ఖర్చు పోగా మిగిలేదాన్ని బట్టి నిర్ణయించాలని మన జిల్లాల ప్రజాప్రతినిధులు పట్టుబట్టాలి.