నల్ల డబ్బా కింద నంబరు అలాగే ఉంది: పీడీఎఫ్ మీద అపోహలు, వాస్తవాలు

మా కింది ఫ్లోర్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు ఉంటారు. పోయిన నెల మేనల్లుడి ఇంటి లోనుకి హామీ ఉండాల్సి వచ్చి, ఎవరో ఏజెంటు అడిగితే ఆధార్, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు వాట్సాప్‌లో పంపారు. ఊరికే పంపలేదు. ఆధార్ నంబరు మీద, ఖాతా నంబరు మీద, పెన్షన్ కాకుండా వచ్చిన ప్రతి ఎంట్రీ మీద నల్ల డబ్బాలు గీశారు. "చూడు బాబూ, ఎంత జాగ్రత్తగా కప్పేశానో" అని సాయంత్రం నాకు ల్యాప్‌టాప్ చూపించారు. నేను ఒక డబ్బా మీద క్లిక్ చేసి డిలీట్ నొక్కాను. డబ్బా పోయింది, ఆధార్ నంబరు పన్నెండు అంకెలూ బయటపడ్డాయి. మాస్టారి మొహం చూసి, ఎందుకు నొక్కానా అనిపించింది.

పన్నెండేళ్లుగా పీడీఎఫ్ ఫారాలు తయారుచేయడమే నా ఉద్యోగం. బ్యాంకుల ఫారాలు, ఇన్సూరెన్స్ ఫారాలు, అప్పుడప్పుడూ టెండర్ పత్రాలు. ఈ పన్నెండేళ్లలో ఇలాంటి నల్ల డబ్బాలు ఎన్ని చూశానో లెక్కలేదు. చదువుకోనివాళ్లు చేసే తప్పు కాదు ఇది. ఆడిటర్లు చేస్తారు, లాయర్లు చేస్తారు, హెచ్ఆర్ వాళ్లయితే వారానికోసారి చేస్తారు.

అపోహ: నల్ల డబ్బాతో కప్పేస్తే కింద ఉన్నది పోయినట్టే

పోదు. ఇంట్లో దేవుడి పటానికి బొట్టు పెడతాం కదా, ఆ బొట్టు ఉండేది అద్దం మీద. తుడిస్తే లోపలి బొమ్మకి ఏమీ కాదు. పీడీఎఫ్‌లో మనం చేసే హైలైట్, అండర్‌లైన్, కొట్టివేత, స్టిక్కీ నోట్, డబ్బా, వృత్తం, పెన్నుతో గీసిన గీత, స్టాంపు, అన్నీ అద్దం మీద బొట్లే. వీటన్నిటినీ కలిపి యానొటేషన్లు అంటారు. పేజీలో అచ్చయిన అక్షరాలు ఒక చోట ఉంటాయి, యానొటేషన్లు ఇంకో చోట ఉంటాయి. చూపించేటప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్ ఒకదాని మీద ఒకటి పేర్చి చూపిస్తుంది.

నమ్మకపోతే ఇప్పుడే మీ ఫైలు తెరవండి. కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి, నోట్‌ప్యాడ్ తెరిచి పేస్ట్ చేయండి. డబ్బా కింద దాచాననుకున్న నంబరు అక్కడ కనిపిస్తే, మీరు ఎవరికి పంపారో వాళ్లకీ కనిపిస్తుంది. నేను ఏ ఫైలు బయటికి పంపినా ముందు చేసే పరీక్ష ఇదే. పది సెకన్లు పట్టదు. కాకపోతే ఇందులో ఏమీ రాకపోయినంత మాత్రాన ఊపిరి పీల్చుకోకండి. స్కాన్ చేసిన ఫైలైతే కాపీ చేయడానికి అక్షరాలే ఉండవు, డబ్బాని తీసేస్తే మాత్రం బొమ్మ మొత్తం బయటపడుతుంది. అందుకని డబ్బా మీద క్లిక్ చేసి కదులుతుందేమో కూడా చూడండి.

2019 జనవరిలో అమెరికాలో, ట్రంప్ ఎన్నికల ప్రచారానికి ఒకప్పుడు సారథిగా ఉన్న పాల్ మానఫోర్ట్ కేసులో ఆయన లాయర్లే కోర్టుకి ఒక పత్రం వేశారు. రహస్యంగా ఉండాల్సిన వరసలకి నల్లరంగు పూశారు. విలేకరులు ఆ వరసల్ని సెలెక్ట్ చేసి, కాపీ చేసి, పేస్ట్ చేసుకున్నారు. అంతే, సాయంత్రానికి అంతా వార్తల్లోకి ఎక్కింది. అంతకుముందు 2009లో అక్కడి విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్ఏ తనిఖీల మాన్యువల్ కూడా ఇలాగే బయటపడింది. వాళ్లే అలా చేశారంటే మన మాస్టారిని ఏమనగలం.

ఇక్కడ కాస్త తెలిసినవాళ్లు ఒక సలహా ఇస్తారు: "ఫ్లాటెన్ చేసేయండి సార్, లేదా ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టండి, అతుక్కుపోతుంది." నాకు ఒళ్లు మండేది ఈ సలహాకే. ఫ్లాటెన్ చేస్తే డబ్బా యానొటేషన్‌గా ఉండటం మానేసి పేజీలో భాగం అవుతుంది, నిజమే. క్లిక్ చేసి డిలీట్ చేయడం కుదరదు. కానీ కింది అక్షరాలు ఎక్కడికీ పోవు. కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొడితే మళ్లీ అవే. సగం తెలిసిన సలహా వల్ల జనం మరింత ధైర్యంగా పంపేస్తున్నారు.

సరే, మరి ఏం చేయాలి? ఆధార్ విషయమైతే అసలు డబ్బాల గొడవే వద్దు. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లోనే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మొదటి ఎనిమిది అంకెలు కనపడవు, చివరి నాలుగే ఉంటాయి. దాన్ని పంపండి. ఇంకో సంగతి, చిరునామా మీద డబ్బా గీసి పక్కనే క్యూఆర్ కోడ్ వదిలేస్తారు చాలామంది. ఆ క్యూఆర్‌లో పేరు, చిరునామా, పుట్టిన తేదీ అన్నీ ఉంటాయి.

మిగతా పత్రాలకి: అడోబ్ వాళ్లు డబ్బుకి అమ్మే అక్రోబాట్ ప్రోలో రిడాక్ట్ అని, రహస్యాల్ని చెరిపేయడానికే వేరే పనిముట్టు ఉంది. అది రెండు దశల్లో పనిచేస్తుంది. మొదట దాచాల్సిన చోట గుర్తు పెడతాం, తర్వాత అప్లై నొక్కాలి. గుర్తు పెట్టడంతో ఆగిపోతే అదీ యానొటేషనే, కింద అక్షరాలు అలాగే ఉంటాయి. అప్లై నొక్కినప్పుడే అక్షరాలు నిజంగా తొలగుతాయి. ఫ్రీ రీడర్‌లో ఇది రాదు. డబ్బు పెట్టలేకపోతే ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో 6.3 వెర్షన్ నుంచి రిడాక్ట్ సదుపాయం ఉంది. అది పేజీని బొమ్మగా మార్చి ఇస్తుంది, అందుకని కాపీ చేయడానికి అక్షరాలే మిగలవు. అదీ వద్దంటే, డబ్బా గీశాక పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మనే పంపండి. మొరటు పద్ధతే, కానీ పనిచేస్తుంది. ఫోన్‌లో హైలైటర్ పెన్నుతో నాలుగుసార్లు రుద్ది బొమ్మ పంపడం మాత్రం వద్దు. ఆ రంగు పూర్తిగా కప్పదు, బ్రైట్‌నెస్ పెంచితే అంకెలు పైకి తేలతాయి.

అక్షరాల్ని చెరిపేసి సేవ్ కొట్టినా ఇంకో చిక్కు ఉంది. పీడీఎఫ్ ఫైలుకి చాలా సాఫ్ట్‌వేర్లు మార్పుల్ని చివర్న అతికిస్తాయి, పాత భాగం లోపలే మిగిలిపోతుంది. తెలిసినవాడు తవ్వితే దొరుకుతుంది. అందుకే సేవ్ కాకుండా సేవ్ యాజ్ కొట్టి కొత్త ఫైలు చేయమంటాను. తప్పనిసరి రహస్యమైతే ఇదీ చాలదు, రిడాక్ట్ చేయడమే.

ఈ తప్పు నేను చేయలేదని చెప్పుకోను. ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు, ఒక క్లయింటుకి ఇచ్చిన కొటేషన్ మీదే తెల్ల డబ్బా వేసి, పాత రేటు కప్పి, పైన కొత్త రేటు టైప్ చేసి ఇంకొకరికి పంపాను. ఆయన ఆ వరసని ఎక్సెల్‌లోకి కాపీ చేసుకుంటే రెండు రేట్లూ పక్కపక్కనే పడ్డాయి. ఫోన్ చేసి, "వాళ్లకి తక్కువకే చేశారుగా, మాకేంటండీ?" అని అడిగారు. పాత రేటుకే చేసిపెట్టాను. ఆ రోజు నుంచి కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ మానలేదు.

ఇప్పటికే పంపేసినవాళ్లకి: కంగారు పడకండి. వాట్సాప్‌లో అందరికీ డిలీట్ అయ్యే సమయం ఉంటే చేయండి. ఆధార్ నంబరు వెళ్లిపోయిందనుకుంటే ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి, వేలిముద్రతో ఎవరూ వాడుకోలేరు. మాస్టారికి అదే చేయించాను, పక్కన కూర్చుని. ఆ రాత్రికి నిద్రపట్టిందట.

అపోహ: గడి మీద టైప్ చేస్తే ఫారం నింపినట్టే

నా ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేది ఇది. ఫారంలోని ఫీల్డ్, అంటే నింపడానికని మేం లోపల పెట్టిన గడి, వేరు, దాని మీద యాడ్ టెక్స్ట్ నొక్కి రాసిన రాత వేరు. కంటికి ఒకేలా ఉంటాయి. కానీ అవతల మా సాఫ్ట్‌వేర్ పేజీని చూడదు, ఫీల్డుల్లోని విలువల్ని మాత్రమే లాగుతుంది. పైన టైప్ చేసినది దానికి కనపడదు. అప్పుడు అప్లికేషన్ ఖాళీగా వచ్చిందని తిరస్కరిస్తారు, ఇటు మనిషేమో "నేను నింపానండీ, స్క్రీన్‌షాట్ చూడండి" అని గగ్గోలు పెడతాడు. ఇద్దరిదీ నిజమే. ఒకసారి ఒకావిడ మూడుసార్లు అదే ఫారం పంపి, మూడుసార్లూ తిరస్కరణకి గురై, చివరికి ఏడుస్తూ ఫోన్ చేశారు. ఫారంలో ఫీల్డులు ఉన్నాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు, గడుల మీద ఎంతో పొందికగా టైప్ చేసి పంపారు.

గుర్తుపట్టడం తేలిక. మౌస్ గడి మీద పెడితే కర్సర్ గీతలా మారి, క్లిక్ చేస్తే సరిగ్గా గడిలోనే మిణుకుమంటే అది ఫీల్డ్. ట్యాబ్ నొక్కితే తర్వాతి గడిలోకి వెళ్తుంది. వెళ్లకపోతే అది ఉత్త గీతల బొమ్మ, దాని మీద టైప్ చేయాలి, లేదా ప్రింట్ తీసి చేత్తో నింపాలి, వేరే దారిలేదు.

నింపాక అవతలివాళ్లకి ఖాళీగా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ప్రతి ఫీల్డ్‌కీ లోపల విలువ ఒకటి, తెరమీద కనిపించే రూపం ఒకటి, రెండూ వేర్వేరుగా దాచి ఉంటాయి. కొన్ని యాప్‌లు విలువ రాస్తాయి, రూపం గీయడం మర్చిపోతాయి. ఆ ఫైలు ఒక చోట నిండుగా, ఇంకో చోట బోసిగా కనపడుతుంది. పంపేముందు నింపిన సాఫ్ట్‌వేర్‌లో కాకుండా వేరేదాంట్లో ఒకసారి తెరిచి చూడండి.

పేరు ఒక చోట కొడితే నాలుగు చోట్ల పడింది, వైరసా?

కాదు. ఒకే పేరున్న ఫీల్డులు ఒకే విలువ పంచుకుంటాయి. మేమే అలా పెడతాం, మీకు పని తగ్గుతుందని.

పాన్ గడిలో పదకొండో అక్షరం పడట్లేదు, ఫారం పాడైంది

పాన్‌కి పది అక్షరాలే. ఫీల్డ్‌కి ఆ హద్దు మేమే పెట్టాం. స్పేస్ కొట్టారేమో చూసుకోండి.

అపోహ: "ప్లీజ్ వెయిట్" అని ఆగిపోయిందంటే ఫైలు పాడైనట్టే

కెనడా స్టడీ పర్మిట్ ఫారం ఐఎంఎం 1294 తెరిచి ఈ మాట చూసి వణికిపోయే పిల్లల ఫోన్లు ప్రతి సీజన్‌లోనూ వస్తాయి నాకు. మా పిన్ని కొడుకు అర్ధరాత్రి పన్నెండింటికి చేశాడు, "అన్నయ్యా, అరగంట నుంచి వెయిట్ చేస్తున్నా, రావట్లేదు" అని. పాపం, నిజంగానే అరగంట కూర్చున్నాడు. అది ఎక్స్‌ఎఫ్‌ఏ అనే పాత పద్ధతి ఫారం, చాలా బ్రౌజర్లకీ ఫోన్ యాప్‌లకీ అర్థం కాదు. మీరు చూస్తున్నది అర్థంకాని సాఫ్ట్‌వేర్ కోసం పెట్టిన బోర్డు, అంతే. ఫైలు డౌన్‌లోడ్ చేసి, కంప్యూటర్‌లో అడోబ్ రీడర్‌తో తెరవండి. నింపాక వ్యాలిడేట్ బటన్ నొక్కండి, అన్నీ సరిగ్గా ఉంటే బార్‌కోడ్ పేజీ వస్తుంది. 2017లో వచ్చిన పీడీఎఫ్ 2.0 ప్రమాణంలో ఎక్స్‌ఎఫ్‌ఏకి స్వస్తి చెప్పారు, అయినా ఇలాంటి ఫారాలు ఇంకా మన నెత్తిన ఉన్నాయి.

సంతకాల సంగతి

సంతకం ఫొటో తీసి అతికిస్తే అది స్టాంపు. డిజిటల్ సంతకం కాదు. డిజిటల్ సంతకం సిగ్నేచర్ ఫీల్డ్‌లో పడుతుంది, తర్వాత ఫైలులో ఎవరైనా వేలు పెడితే బయటపెడుతుంది. దాన్ని ప్రింట్ టు పీడీఎఫ్ కొడితే సంతకం బొమ్మ మిగులుతుంది, లోపలి బలం పోతుంది. రెండు మూడు ఫైళ్లు కలిపి ఒకటి చేసినా అంతే.

ఈ-ఆధార్ మీద పసుపు ప్రశ్నార్థకం, "వ్యాలిడిటీ అన్‌నోన్" అని చూసి దొంగ ఆధార్ ఇచ్చారని టెన్షన్ పడతారు. సంతకం తప్పని కాదు దానర్థం. సంతకం చేసినవాళ్లని మీ కంప్యూటర్ ఇంకా ఎరగదు. ఆ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లో సర్టిఫికెట్ తెరిచి, ట్రస్ట్‌లో చేర్చి, మళ్లీ వ్యాలిడేట్ చేస్తే పచ్చ టిక్కు వస్తుంది.

మిగతావి గబగబా. ఎడిటింగ్‌కి పాస్‌వర్డ్ పెడితే ఎవరూ మార్చలేరనుకోవద్దు. అది మర్యాదగల సాఫ్ట్‌వేర్లు పాటించే నియమం, మర్యాద లేనివి బోలెడున్నాయి. తెరవడానికే పెట్టే పాస్‌వర్డ్ వేరు, దానికి బలముంది. కామెంట్లు ప్రింట్‌లో రావనుకోవద్దు, ప్రింట్ సెట్టింగులో డాక్యుమెంట్ అండ్ మార్కప్స్ ఉంటే శుభ్రంగా వస్తాయి. హైడ్ చేసిన కామెంటు డిలీట్ అయినట్టు కాదు. "వీళ్లకి ఇంతకుమించి ఇవ్వొద్దు" అన్న స్టిక్కీ నోట్‌తో సహా, రాసినవాడి పేరుతో సహా, ఆ "వీళ్ల"కే వెళ్లిన ఫైలు నేను చూశాను.

ఇక తెలుగులో టైప్ చేస్తే గడులు గడులుగానో, ఒత్తులు విడిపోయో వస్తుందని అడుగుతారు. తప్పు మీ కీబోర్డుది కాదు. చాలా ఫారాల్లో ఫీల్డ్‌కి ఇచ్చే ఫాంటు హెల్వెటికా, అందులో తెలుగు అక్షరమే లేదు. తెలుగు ఫాంటు ఇచ్చినా, ఫీల్డులో ఒత్తులూ గుణింతాలూ కలిపి సరిగ్గా కూర్చడం కొన్ని సాఫ్ట్‌వేర్లకి ఇప్పటికీ చేతకాదు. మేం తెలుగు ఫారం చేస్తే "క్ష్మి", "స్త్రీ", "ర్ధ్య" మూడూ టైప్ చేసి చూస్తాం. మూడూ దాటితే ఫారం బయటికి వెళ్తుంది. పోయిన వారం చేసినది రెండోదాని దగ్గర ఆగింది, ఇంకా ఆఫీసులోనే ఉంది.