కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో, మిల్‌వుడ్స్‌లో ఉంటున్న మా మనవలకు

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

ఉన్న ఊరి చరిత్ర రాసుకు రమ్మని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. భూమి కాగితాలతో మొదలుపెట్టండి. రెవెన్యూ ఆఫీసులో ఏళ్ళ తరబడి పనిచేసిన నాకు, ఊరి మనుషుల సంగతి ఆ కాగితాల్లో దొరికినంతగా ఇంకెక్కడా దొరకలేదు.

కెనడా ప్రభుత్వం 1872లో డొమినియన్ ల్యాండ్స్ చట్టం చేసింది. 10 డాలర్లు కడితే 160 ఎకరాలు. కానీ పట్టా వెంటనే చేతికి రాదు. మూడేళ్ళపాటు ఏటా ఆరు నెలలు అక్కడే కాపురం ఉండాలి, ఇల్లు కట్టాలి, కొంత బీడు దున్నాలి. ఆ తర్వాతే పట్టాకు దరఖాస్తు. 1930 వరకు నడిచిన ఆ దరఖాస్తుల ఫైళ్ళు మీ ఎడ్మంటన్‌లోనే, ఆల్బర్టా ప్రొవిన్షియల్ ఆర్కైవ్స్‌లో (మీ రాష్ట్రపు పాత రికార్డులు దాచే చోట) మైక్రోఫిల్ముల మీద, అంటే చిన్నవిగా ఫోటో తీసిన ఫిల్ము చుట్టల మీద ఉన్నాయి.

పొలం చిరునామా చూసి భయపడకండి. ‘సెక్షన్ 14 ఈశాన్య క్వార్టర్, టౌన్‌షిప్ 52, రేంజ్ 24, నాలుగో మెరిడియన్‌కు పడమర’ అని ఉందనుకోండి. టౌన్‌షిప్ నంబరు అమెరికా సరిహద్దు నుంచి ఉత్తరానికి, రేంజ్ నంబరు మెరిడియన్ (సర్వేకు ఆధారంగా తీసుకున్న ఉత్తర దక్షిణ రేఖ) నుంచి పడమరకు పెరుగుతాయి. ఒక్కో టౌన్‌షిప్ ఆరు మైళ్ళు పొడవు, ఆరు మైళ్ళు వెడల్పు. అందులో 36 సెక్షన్లు. సెక్షన్‌లో నాలుగో వంతే ఆ 160 ఎకరాలు. 11, 29 సెక్షన్లు బడుల కోసం పక్కన పెట్టారు.

ఇక ఫైలు తెరిస్తే అచ్చు ప్రశ్నలు, చేతిరాత జవాబులు. ఎప్పటి నుంచి ఉంటున్నావు? ఏ ఏడు ఎన్ని ఎకరాలు దున్నావు? పశువులెన్ని? ఇల్లు ఎంత పెద్దది, విలువెంత? ఇరుగుపొరుగు వాళ్ళు ప్రమాణం చేసి ఇచ్చిన సాక్ష్యాలు కూడా ఉంటాయి. సంతకం రాని చోట ఇంటూ గుర్తు కనిపిస్తుంది. ఏటేటా దున్నిన ఎకరాలు వరసగా చదవండి, ఆ మనిషి పడ్డ కష్టం తెలిసిపోతుంది. భార్య మాత్రం చాలాసార్లు ‘భార్య, ముగ్గురు పిల్లలు’ అన్న మాటలోనే ఉండిపోతుంది, పేరు కూడా ఉండదు. నాకు మనసు కలుక్కుమనేది అక్కడే. ఆమె సంగతి కావాలంటే, ఆల్బర్టాలో చాలా ఊళ్ళవాళ్ళు తమ కుటుంబాల కథలు కూర్చి అచ్చువేసుకున్న ఊరి చరిత్ర పుస్తకాలు లైబ్రరీలో అడగండి.

అయితే ఈ రెండూ సాధారణంగా వలస వచ్చినవాళ్ళతోనే మొదలవుతాయి. అంతకు ముందు ఆ నేల ఎవరిది? మీరుండే మిల్‌వుడ్స్‌నే తీసుకోండి. అది పపస్‌చేజ్ అనే ఆదివాసీ బృందానికి రిజర్వుగా కేటాయించిన భూమిలోది. వాళ్ళు 1877లో, ఆదివాసీలకూ ప్రభుత్వానికీ మధ్య కుదిరిన ఆరో ఒప్పందంలో (ట్రీటీ 6) చేరారు. 1880లో రిజర్వు సర్వే జరిగింది. 1888లో ముగ్గురంటే ముగ్గురు మగవాళ్ళ సంతకాలతో ఆ భూమంతా ప్రభుత్వం చేతికి వెళ్ళిపోయింది. వాళ్ళ వారసులు కోర్టుకెక్కితే, గడువు దాటిపోయిందని 2008లో కెనడా సుప్రీంకోర్టు కేసు కొట్టేసింది. అది సరైన న్యాయమని నేను అనుకోను. ఈ సంగతులు పట్టా దరఖాస్తుల్లో వెతికితే దొరకవు. రాజధాని ఒట్టావాలో ఉన్న లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ కెనడాలో ఇండియన్ వ్యవహారాల శాఖ (అక్కడ ఇండియన్లంటే ఆదివాసీలు) రికార్డులు చూడాలి. వాటిలో కొన్ని ఆన్‌లైన్లో కూడా పెట్టారు.

ప్రాజెక్టులో ఈ రెండు రకాల కాగితాలూ పక్కపక్కనే పెట్టండి. పపస్‌చేజ్ వారసులు ఇప్పటికీ మీ చుట్టుపక్కలే ఉన్నారు, వీలైతే వాళ్ళ పెద్దలను కలిసి, రాసుకోవచ్చా అని అడిగి మరీ రాసుకోండి. ఆర్కైవ్స్‌కి వెళ్ళేటప్పుడు పెన్ను కాదు, పెన్సిల్ పట్టుకెళ్ళండి. మీరు తీసిన నోట్సు నాకూ ఒక కాపీ పంపండి.

మీ తాతయ్య