కార్బురేటర్ లీకు: అపోహలు - వాస్తవాలు

ఈ నెలలో నా దగ్గరికి బాగుకు వచ్చిన మూడో అంబాసిడర్ ఇది. మూడింటిలోనూ కార్బురేటర్‌లో (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) పెట్రోలు నిలవుండే గిన్నె, అంటే ఫ్లోట్ ఛాంబర్, దాని మూత మీదుండే ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పెట్రోలు కారింది, ఎవరో ఆ గొట్టాన్నే మూసేశారు. ఒకదాంట్లో స్క్రూ దింపారు, ఇంకోదానికి ఎపాక్సీ ముద్ద పెట్టారు, మూడోదానికి రబ్బరు గొట్టం తొడిగి, మడిచి తీగతో కట్టారు. రాణిగంజ్‌కు స్పేర్ల కోసం వెళ్లినా "కారేచోట మూసేస్తే అయిపోతుంది కదన్నా" అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కారేచోట మూసేస్తే లీకు ఆగిపోతుంది.

వాస్తవం: ఆగదు. బయటికి పోయే పెట్రోలు లోపలికి పోతుంది, అంతే. ఈ బండ్లకుండే ఎస్.యూ. రకం కార్బురేటర్‌లో ఆ గొట్టం పెట్టిందే ఛాంబర్‌కు గాలి ఆడటానికి, ఎక్కువైన పెట్రోలు బయటికి పోవటానికి. నీడిల్ వాల్వ్ (ఛాంబర్ నిండగానే ఫ్లోట్ పైకి తేలి మూసే సూది లాంటి కవాటం) సరిగా మూసుకోకపోతే పంపు తోస్తూనే ఉంటుంది, ఛాంబర్ నిండిపోతుంది. మీరు దారి మూసేస్తే ఆ పెట్రోలు జెట్ (పెట్రోలు వెళ్లే సన్న రంధ్రం) మీదుగా పొంగి, ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్లే మానిఫోల్డ్‌లోకి, అక్కడి నుంచి సిలిండర్లలోకి దిగుతుంది. సిలిండర్ గోడల మీదుండే ఆయిల్ పొరను కడిగేస్తుంది, పిస్టన్ రింగులు దాటి కింద ఆయిల్ ఉండే సంప్‌లో చేరుతుంది. పలచబడిన ఆయిల్‌తో బేరింగులు అరిగిపోతాయి.

హిమాయత్‌నగర్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు బండి తెచ్చారు. "మా ఇంజన్ చాలా గట్టిది బాబూ, ఆరు నెలలైనా ఆయిల్ తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా" అన్నారు సంతోషంగా. ఆ మాట వినగానే నాకు గుండె జారింది. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి వాసన చూస్తే పెట్రోలు. ఆయిల్ దానంతటదే పెరగదు కదా! ఓవర్‌ఫ్లో గొట్టంలో స్క్రూ ఉంది. అది ఎవరో మెకానిక్ పెట్టిందట, మాస్టారి తప్పేమీ లేదు. క్రాంక్ గ్రైండింగ్, కొత్త బేరింగులు, అన్నీ కలిపి నలభై వేలు దాటింది. మొదట్లోనే నీడిల్ వాల్వ్ మార్చి ఉంటే కొన్ని వందలతో పోయేది.

మరి అసలు ఏం చూడాలి? ఇంజన్ చల్లారనివ్వండి, బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. మెకానికల్ పంపుకు చేతి లివర్ ఉంటే దాంతో నిదానంగా కొట్టండి. ఛాంబర్ నిండాక కూడా ఓవర్‌ఫ్లో ఆగకపోతే నీడిల్ మూసుకోవటం లేదన్నమాట. మూత తీసి నీడిల్ మొన చూడండి: చుట్టూ మెట్టులా గీత పడితే అది కూర్చునే సీటుతో సహా మార్చాలి. చిన్న చెత్త ఇరుక్కుని ఉంటే శుభ్రం చేస్తే చాలు. ఇత్తడి ఫ్లోటయితే చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోలు చప్పుడైతే చిల్లు పడినట్టే. వేడి నీళ్లలో ముంచితే చిల్లు ఎక్కడుందో బుడగలే చెబుతాయి. అన్నీ బాగున్నా కారుతుంటే ఫ్లోట్ లెవెల్ (ఫ్లోట్ ఎంత ఎత్తులో నీడిల్‌ను మూస్తుందో) చూడాలి. ఇంకో మాట: పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగినా పెట్రోలు సంప్‌లోకి దిగుతుంది. అందుకని ఆయిల్ పెరిగిందంటే రెండూ చూడండి, ఆయిల్ మార్చకుండా ఇంజన్ స్టార్ట్ చేయకండి.

అపోహ: స్క్రూలు ఇంకా గట్టిగా బిగించాలి, లేకపోతే సిలికాన్ పూయాలి.

వాస్తవం: ఎక్కువ బిగిస్తే మూత వంగుతుంది, తర్వాత ఏ ప్యాకింగూ ఆపదు. మామూలు సిలికాన్ పెట్రోలుకు ఉబ్బి ముక్కలై జెట్లలో అడ్డుపడుతుంది. కొత్త ప్యాకింగ్ వేయండి.

అపోహ: ఇథనాల్ పెట్రోలు వచ్చాక పాత కార్లు నడపలేం, కార్బురేటర్లు కరిగిపోతాయి.

వాస్తవం: ఈ వాట్సాప్ పుకారుకు భయపడి బండ్లను తుక్కుకు అమ్మినవాళ్లు ఉన్నారు. నాకు చాలా బాధగా ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్ ఉబ్బి పగులుతాయన్నది నిజం. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు, నీడిల్, డయాఫ్రమ్ వేయించండి, నెలల తరబడి పెట్రోలు నింపి ఉంచకండి. అంతకన్నా టెన్షన్ పడక్కర్లేదు.

అపోహ: పాత కారంటే కొంచెం పెట్రోలు వాసన మామూలే.

వాస్తవం: మామూలు కాదు. పాత అంబాసిడర్ ఇంజన్‌లో కార్బురేటర్, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే వైపు ఉంటాయి. వేడి మానిఫోల్డ్ మీద పెట్రోలు చుక్క పడిందంటే మంట లేవటానికి ఎంతో సేపు పట్టదు. మంట వస్తే నీళ్లు పోయకండి, పెట్రోలు ఇంకా పాకుతుంది. డ్రై పౌడర్ ఎక్స్‌టింగ్విషర్ బండిలో ఉంచుకోండి. మన మే ఎండల్లో బండి ఆపిన కాసేపటికి ఛాంబర్‌లో పెట్రోలు ఆవిరై వాసన రావచ్చు, కానీ తడి కనిపించకూడదు. తడి ఉంటే ఇంజన్ స్టార్ట్ చేయకండి.

మొన్న మల్లేపల్లి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నాన్నగారు పోయాక ఆయన ప్రీమియర్ పద్మినిని ఎనిమిది నెలలు ముట్టుకోలేదట. తాళం తిప్పితే తగలబడిపోతుందని ఎవరో భయపెట్టారు. "అన్నా, తోసుకుంటూ తేనా?" అని అడిగింది. నేనే వెళ్లాను. ఆరిపోయిన పెట్రోలు జిగురు నీడిల్ సీటులో పట్టుకుని ఉంది. కడిగి, ఒక గొట్టం మార్చి, కొత్త పెట్రోలు పోశాను. రెండోసారికే స్టార్ట్ అయింది. ఆ అమ్మాయి స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.