హికికోమొరి: తలుపు బద్దలుకొడితే కథ మొదటికొస్తుంది

జపాన్ సమాజం మీద పనిచేస్తున్నామని తెలిస్తే చాలు, మనవాళ్లు ముందుగా అడిగేది హికికోమొరి గురించే, అంటే నెలలు, ఏళ్ల తరబడి లోకానికి దూరంగా ఇంటికే పరిమితమైపోయినవాళ్ల గురించి. ఆ అడగడంలోనే సగం వాట్సాప్ ఉంటుంది: వీడియో గేములకు బానిసలైన కుర్రాళ్లట, ఏళ్ల తరబడి గది గడప దాటరట. చివర్లో ఒక సలహా కూడా, "నాలుగు రోజులు అన్నం పెట్టకపోతే వాడే వస్తాడు" అని. మిగతావి తెలియక అనే మాటలు. ఈ సలహా మాత్రం కుటుంబాలను కూల్చింది.

అపోహ: బలవంతంగా బయటికి లాగితే దారిలో పడతాడు.

ఆ పని చేసిపెట్టే వ్యాపారమే జపాన్‌లో ఉంది, హికిదాషియా అంటారు. దిక్కుతోచని తల్లిదండ్రుల దగ్గర లక్షలకు లక్షల యెన్లు తీసుకుంటారు. చెప్పాపెట్టకుండా కొంతమంది ఇంటికొచ్చి మనిషిని బండెక్కించి తమ హాస్టల్లో పడేస్తారు. అక్కడి నుంచి పారిపోయి కేసులు వేసినవాళ్లున్నారు, పరిహారం కట్టమని కోర్టులు తీర్పులూ ఇచ్చాయి. పరిహారం వచ్చినా పోయిన నమ్మకం రాదు. బయటి లోకంతో అతనికి మిగిలిన సంబంధమల్లా అమ్మానాన్నలే. తనను అప్పగించింది వాళ్లేనని తెలిశాక అదీ ఉండదు.

ఆరోగ్య శాఖ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల వరుస వేరు. మొదట కుటుంబానికి కౌన్సెలింగ్. తర్వాత ఆ మనిషితో విడిగా మాటలు. ఆపైన చిన్న బృందంలో కలవడం. ఉద్యోగ ప్రయత్నం అన్నిటికన్నా చివర. అంటే బిడ్డ గదిలోంచి రాకపోయినా పని మొదలవుతుంది, ముందు వెళ్లాల్సింది తల్లిదండ్రులే. ఇందుకోసం 2009 నుంచి మొదలుపెట్టి ప్రతి ప్రిఫెక్చర్‌లోనూ (మన రాష్ట్రం లాంటిది) సహాయ కేంద్రాలు పెట్టారు. నలుగురూ ఏమనుకుంటారోనని పదేళ్లు దాచి, ఆ తర్వాత వచ్చేవాళ్లే చాలామంది. వాళ్లను తప్పుపట్టలేం. "మీ పెంపకమే ఇలా చేసింది" అని బంధువులు అప్పటికే వందసార్లు అని ఉంటారు.

ఇంట్లో పాటించాల్సినవి పెద్ద విద్యలేం కావు. పొద్దున పలకరించాలి, జవాబు రాకపోయినా రేపు మళ్లీ పలకరించాలి. వాతావరణం, పిల్లి, మనకు క్రికెట్‌లా వాళ్లకున్న బేస్‌బాల్, ఏదైనా మాట్లాడొచ్చు. ఉద్యోగం, పెళ్లి, తోటివాళ్లు ఎక్కడున్నారన్న ఊసు మాత్రం ఎత్తకూడదు. చేతిఖర్చు నెలకింత అని అతనితో అనుకుని, ఒకే తేదీన ఇవ్వాలి. అడిగినప్పుడల్లా ఇస్తే రోజూ పేచీ. పూర్తిగా ఆపేస్తే రాత్రిపూట దుకాణం దాకా నడిచే చివరి అవసరమూ పోతుంది. చేయి చేసుకుంటే సహించనక్కర్లేదు. ఇల్లు వదిలి వెళ్లాలి, పోలీసులను పిలవాలి. సహాయ కేంద్రం నుంచి ఎవరైనా ఇంటికి వచ్చే రోజును ముందే అతనికి చెప్పాలి. వద్దంటే తలుపు తెరవకూడదు.

అపోహ: వీళ్లు ప్రమాదకరమైన మనుషులు.

2019 మే చివర్లో కవాసాకిలో బడిపిల్లల మీద కత్తితో దాడి జరిగింది. చేసినవాడు హికికోమొరి అంటూ మీడియా హోరెత్తించింది. నాలుగు రోజులకే టోక్యోలో ఒక మాజీ ఉన్నతాధికారి 44 ఏళ్ల సొంత కొడుకును చంపేశాడు. వాడూ అలాంటి పని చేస్తాడేమోనని భయపడ్డానని చెప్పినట్టు వార్తలొచ్చాయి. పుకారు ఖరీదు అది.

అపోహ: అందరూ కుర్రాళ్లే, గది దాటరు.

2022 ప్రభుత్వ సర్వే అంచనా ప్రకారం 15 నుంచి 64 ఏళ్ల మధ్య నూటికి ఇద్దరు, మొత్తం దాదాపు 14.6 లక్షల మంది. నలభై దాటినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు. ఆరు నెలలు పైబడి ఇలా ఉంటే లెక్కలోకి తీసుకున్నారు. దగ్గర్లోని దుకాణానికో, తన సరదా పనికో మాత్రమే బయటికెళ్లేవాళ్లూ అందులో ఉన్నారు. గది కూడా దాటనివాళ్లు అతి కొద్దిమంది. నడివయసువాళ్లు ఎక్కువగా చెప్పిన కారణం ఉద్యోగం మానేయడం. అక్కడి పెద్ద కంపెనీలు చదువు ముగిసే బ్యాచ్‌నే మూకుమ్మడిగా ఎంచుకుని ఏప్రిల్ 1న చేర్చుకుంటాయి. 1990లలో ఆర్థిక వ్యవస్థ కుదేలైన ఏళ్లలో పట్టా అందుకున్నవాళ్లకు ఆ ఒక్క బస్సూ తప్పింది. ఇప్పుడు వాళ్లకు యాభై, తల్లిదండ్రులకు ఎనభై. అక్కడ దీన్ని 8050 సమస్య అంటారు.

గేములా? మానసిక వైద్యుడు సైతో తామాకి దీని మీద పుస్తకం తెచ్చిన 1998 నాటికి మనమెరిగిన స్మార్ట్‌ఫోన్ పుట్టనే లేదు. జపాన్ సంస్కృతిలోనే ఉందా? దక్షిణ కొరియా, ఇటలీ, స్పెయిన్‌లలోనూ గుర్తించారు, భారత్‌లోనూ. అలాగని గ్రూప్స్‌కు చదువుతూ రెండేళ్లు ఇంటిపట్టున ఉన్న ప్రతివాడికీ ఈ పేరు తగిలించకండి.

అపోహ: నాన్న పెన్షన్ ఉంది కదా, కాగితాలు తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడే డబ్బు దెబ్బ తగులుతుంది. అక్కడ 20 ఏళ్లు నిండితే, సంపాదన లేకపోయినా, జాతీయ పెన్షన్ ప్రీమియం కట్టాలి, నెలకు 17,000 యెన్లకు పైనే. మినహాయింపు అడిగితే ఇంటి పెద్ద ఆదాయం కూడా చూస్తారు కాబట్టి తండ్రి జీతగాడైతే కుదరకపోవచ్చు. అంతటితో వదిలేస్తారు చాలామంది. 50 ఏళ్లలోపు వాళ్లకు చెల్లింపు వాయిదా అని ఇంకో దరఖాస్తు ఉంది. అందులో ఆ మనిషి, జీవిత భాగస్వామి ఆదాయమే లెక్క. ఏదీ పెట్టకపోతే బకాయి పడుతుంది. డిప్రెషన్ లాంటి జబ్బు తేలి వైకల్య పెన్షన్ అవసరమైనప్పుడు ఆ బకాయే అడ్డు తగులుతుంది. గడిచిన కాలంలో మూడింట రెండొంతులు కట్టడమో, మినహాయింపో వాయిదానో పొందడమో జరిగి ఉండాలి, లేదంటే చివరి ఏడాదిలోనైనా బకాయి ఉండకూడదు. దీన్ని ఆ జబ్బుతో డాక్టరును తొలిసారి కలిసిన రోజుకు ముందటి స్థితిని బట్టి చూస్తారు. వాయిదాకు వెనకటి రెండేళ్ల ఒక నెల దాకా అడగొచ్చు గానీ, డాక్టరును కలిశాక పెట్టిన దరఖాస్తు దీనికి పనికిరాదు. ప్రాణాపాయం లేనప్పుడు, అపాయింట్‌మెంట్ రోజుకు ముందే మునిసిపల్ ఆఫీసులో ఆ ఫారం ఇచ్చి రావాలి.