అపోహలు - వాస్తవాలు: 28 పాయింట్ల ఫేవరెట్ అంటే చేతికొచ్చిన డబ్బు కాదు

ఆగస్టు ఆఖరు వారం, అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "అన్నా, ఈ శనివారం లాక్ (తప్పక గెలిచే పందెం) ఏది?" "అన్నా, మీ వాళ్ళది చిన్న కాలేజీతోనే కదా మ్యాచ్, ఎంత పెట్టొచ్చు?" నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌లో పదకొండేళ్ళుగా డేటా పని చేస్తున్నాను. ఎదుటి టీమ్ ఆటని అంకెల్లోకి విడగొట్టడం, ఫోర్త్ డౌన్‌లో, అంటే నాలుగో, ఆఖరి ప్రయత్నంలో, ఎప్పుడు తెగించాలో ఎప్పుడు పంట్ చేయాలో (బంతిని దూరంగా తన్నేయాలో) కోచ్‌లకి చార్ట్ తయారు చేసి ఇవ్వడం నా పని. అందుకని నా దగ్గర లోపలి కబురు ఏదో ఉంటుందని మనవాళ్ళ నమ్మకం. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం నాలాంటి ఉద్యోగి కాలేజీ ఆటల మీద ఒక్క డాలరు కూడా కాయకూడదు, కాసేవాళ్ళకి సమాచారం ఇవ్వకూడదు. కాబట్టి దయచేసి అడగకండి. కానీ ఈ మెసేజీల వెనక ఉన్న అపోహలు మనవాళ్ళ జేబులకి చిల్లు పెడుతున్నాయి. వాటి గురించి మాత్రం మాట్లాడాలి.

అపోహ: పెద్ద టీమ్ 28 పాయింట్ల ఫేవరెట్ అంటే గెలుపు ఖాయం, గెలుపు ఖాయమంటే డబ్బూ ఖాయం

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. మిగతావన్నీ రెండు ముక్కల్లో తేల్చేస్తాను గానీ దీన్ని మాత్రం వదలను.

2024 సెప్టెంబరు 7, శనివారం. సౌత్ బెండ్‌లో పెద్ద టీమ్ నోటర్ డేమ్, చిన్న టీమ్ నార్తర్న్ ఇల్లినాయ్ మ్యాచ్. నోటర్ డేమ్‌ది 5వ ర్యాంకు, అంతకు ముందు వారమే టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ని వాళ్ళ గడ్డ మీద 23-13తో ఓడించి వచ్చింది. స్ప్రెడ్, అంటే ఫేవరెట్ ఎన్ని పాయింట్ల తేడాతో గెలవాలని బెట్టింగ్ కంపెనీలు పెట్టే అంకె, 28 పైనే. ఆ రాత్రి పదకొండు దాటాక నాకో ఫోన్ వచ్చింది. గుంటూరు వైపు అబ్బాయి, ఎమ్మెస్ రెండో ఏడు, మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లోనే ఉంటాడు. "అన్నా, కిందకి వస్తారా ఒకసారి" అన్నాడు, గొంతు వణుకుతోంది. వెళ్తే కారులో కూర్చుని ఉన్నాడు, ఏసీ వేసుకుని, చెమటలు పట్టి.

నోటర్ డేమ్ మనీలైన్ మీద, అంటే తేడాతో పని లేకుండా ఆ టీమ్ గెలిస్తే చాలన్న పందెం మీద, 3,000 డాలర్లు పెట్టాడు. తను తీసుకున్న మనీలైన్ మైనస్ 5000, 100 గెలవాలంటే 5,000 పెట్టాలన్నమాట. అంటే గెలిస్తే వచ్చేది 60 డాలర్లు. అరవై డాలర్ల కోసం మూడు వేలా అని మీకు ఆశ్చర్యం వేయొచ్చు గానీ, వాడి లెక్క వినండి: "అన్నా, మా ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకి. ఇక్కడ అదే రెండు రూపాయలు నాలుగు గంటల్లో వస్తున్నాయి." అంతకు ముందు ఇలాగే నాలుగు మ్యాచ్‌ల మీద పెట్టి నాలుగూ గెలిచాడు. అందుకే ధైర్యం పెరిగింది. ఈసారి పెట్టింది స్ప్రింగ్ సెమిస్టర్ ఫీజు కోసం దాచుకున్న డబ్బు, అందులో సగం వాళ్ళ నాన్న పంపింది.

నార్తర్న్ ఇల్లినాయ్ 16, నోటర్ డేమ్ 14.

ఆ వడ్డీ లెక్కలో తప్పు ఎక్కడుందో చూద్దాం. వడ్డీకిచ్చిన చోట అసలు అలాగే ఉంటుంది, కనీసం ఉండాలి. ఇక్కడ ప్రతి మ్యాచ్‌కీ అసలు మొత్తం బరిలోకి దిగుతుంది. 3,000 పెట్టి 60 గెలుచుకుంటూ పోతే, ఒక్క ఓటమి 50 గెలుపుల డబ్బు తినేస్తుంది. 51 మ్యాచ్‌ల్లో 50 గెలిస్తే మీరు మొదలుపెట్టిన చోటే ఉన్నారు. అంటే నూటికి 98 గెలిచినా లాభం మొదలవదు. నేను చూసే అంకెల్లో 28 పాయింట్ల ఫేవరెట్ గెలిచే అవకాశం నూటికి 96 ప్రాంతంలో ఉంటుంది. 96 అంటే చెవికి గెలుపు ఖాయమన్నట్టే వినిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ వంద మ్యాచ్‌ల మీద లెక్కేయండి: 96 సార్లు 60 చొప్పున 5,760 వస్తుంది, 4 సార్లు 3,000 చొప్పున 12,000 పోతుంది. నికరంగా 6,240 డాలర్లు నష్టం. గెలుస్తూ గెలుస్తూనే మునిగిపోతాం, పైగా ఆ నాలుగు ఎప్పుడొస్తాయో తెలీదు. ఈ గుంటూరు అబ్బాయికి ఐదో మ్యాచ్‌లోనే వచ్చింది.

"అయితే మనీలైన్ వద్దు, స్ప్రెడ్ మీద పెడతాను" అంటారు తర్వాత. స్ప్రెడ్ అంటే పెద్ద టీమ్ ఎంత తేడాతో గెలుస్తుందో తెలిసిపోయిందని కాదు. అది మధ్యలో గీసిన గీత మాత్రమే. కాలేజీ ఫుట్‌బాల్‌లో అసలు ఫలితం ఆ గీతకి అటో ఇటో 16 పాయింట్లు జరగడం రోజూ ఉండేదే. అదే సెప్టెంబరు 7న పెన్ స్టేట్ బౌలింగ్ గ్రీన్ మీద 30కి పైగా పాయింట్ల ఫేవరెట్, హాఫ్‌టైమ్‌కి 20-24తో వెనకబడి, చివరికి 34-27తో బయటపడింది. గెలిచింది కదా అని ఫ్యాన్స్ ఊపిరి పీల్చుకున్నారు, స్ప్రెడ్ మీద పెట్టినవాళ్ళ డబ్బు మాత్రం పోయింది. ఇంకోటి, మ్యాచ్ చేతిలోకి వచ్చాక ఏ కోచ్ అయినా మెయిన్ ఆటగాళ్ళని బెంచ్ మీద కూర్చోబెడతాడు, కూర్చోబెట్టాలి కూడా, వచ్చే వారం అసలు ప్రత్యర్థి ఉంటాడు. 42-7 ఉన్న స్కోరు మూడో వరుస కుర్రాళ్ళు ఆడేసరికి 42-21 అవుతుంది. కోచ్‌కి అది పెద్ద విషయం కాదు, 28 మీద కాసినవాడికి కొంప మునిగినట్టే. మా మీటింగుల్లో గాయాల గురించి, అలసట గురించి, ఎవరికి ఎన్ని స్నాప్‌లు (ఆటలో ఒక్కో ప్లే) ఇవ్వాలన్న దాని గురించి గంటలు గంటలు మాట్లాడతాం, స్ప్రెడ్ మాట ఒక్కసారి కూడా రాదు.

ఇక పార్లే, అంటే కొన్ని మ్యాచ్‌లు కలిపి అన్నీ గెలిస్తేనే డబ్బొచ్చే పందెం. ఐదు పెద్ద టీములు, ఒక్కోటీ నూటికి 95 గెలుస్తుందనుకుందాం. ఐదూ కలిసి గెలిచే అవకాశం 77. పది కలిపితే 60. అంతకన్నా దీని గురించి చెప్పేదేం లేదు.

ఈ లెక్కలన్నీ ఆ రాత్రి కారులో వాడికి చెప్పలేదు. అప్పుడు కావాల్సింది లెక్కలు కాదు. పైకి తీసుకెళ్ళి పెరుగన్నం పెట్టాను, వాళ్ళ నాన్నకి ఎలా చెప్పాలో మాట్లాడుకున్నాం, సోమవారం యూనివర్సిటీ ఫీజుల ఆఫీసుకి వెళ్ళి వాయిదాల పద్ధతి ఉందేమో అడగమన్నాను. ఉంది. ఇది చదువుతున్నవాళ్ళలో అదే పరిస్థితిలో ఎవరైనా ఉంటే, పోయింది రాబట్టుకుందామని ఆదివారం ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) మీద మళ్ళీ పెట్టకండి, నేను చూసిన పెద్ద నష్టాలన్నీ ఆ ఆదివారం మొదలైనవే. ముందు ఒక మనిషికి చెప్పండి. 1-800-426-2537 జూదం అలవాటైనవాళ్ళ కోసం ఉన్న హెల్ప్‌లైన్, పేరు చెప్పక్కర్లేదు. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల స్పోర్ట్స్ బెట్టింగ్‌కి అనుమతి లేదని వాట్సాప్‌లో తెలిసినవాళ్ళ ద్వారా పెట్టేవాళ్ళు ఇంకా జాగ్రత్త, అక్కడ అప్పు మీద ఆడనిస్తారు, తర్వాత వసూలు ఎలా ఉంటుందో మన ఊళ్ళల్లో క్రికెట్ బుకీల సంగతి తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

అపోహ: పెద్ద టీమ్ ఓడిందంటే అమ్ముడుపోయినట్టే

నార్తర్న్ ఇల్లినాయ్ గెలిచిన మర్నాడు మన గ్రూపుల్లో ఇదే మాట. ఈ పుకారు చూస్తే నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఇరవై ఏళ్ళ పిల్లలు ఆడిన ఆట మీద బురద చల్లడం చాలా తేలిక. కాలేజీ ఆటల్లో ఫిక్సింగ్ ఎప్పుడూ జరగలేదని అనను. 1978-79లో బోస్టన్ కాలేజ్ బాస్కెట్‌బాల్‌లో జరిగింది, అదీ గెలుపు తేడా తగ్గించి ఆడడం, కోర్టు దాకా వెళ్ళింది. కానీ ఆ శనివారం సంగతి మ్యాచ్ మళ్ళీ చూస్తే తెలుస్తుంది. నార్తర్న్ ఇల్లినాయ్ 388 గజాలు సాధిస్తే నోటర్ డేమ్ 286. బంతి విసిరే నోటర్ డేమ్ క్వార్టర్‌బ్యాక్ రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే విసిరిన బంతి రెండుసార్లు ఎదుటివాళ్ళ చేతికి చిక్కింది. 31 సెకన్లు ఉండగా నార్తర్న్ ఇల్లినాయ్ 35 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్ని తెచ్చే 3 పాయింట్లు) పడింది, చివర్లో నోటర్ డేమ్ 62 గజాల నుంచి ప్రయత్నిస్తే దాన్ని బ్లాక్ చేశారు. ఇందులో అమ్ముడుపోవడం ఎక్కడుంది? వాళ్ళు బాగా ఆడారు.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, టెస్టు మ్యాచ్‌లో పసికూన జట్టు పెద్ద జట్టుని ఓడించడం చాలా కష్టం, టీ20లో అంత కష్టం కాదు. 2024 జూన్ 6న డాలస్ దగ్గర అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది, మనవాళ్ళు స్టేడియంలో కూర్చుని చూశారు. ఆట ఎంత పొట్టిదైతే బలహీనుడికి అంత అవకాశం. ఫుట్‌బాల్‌లో ఒక్కో టీమ్ చేతికి బంతి వచ్చేది డజను సార్ల దగ్గర. చిన్న టీమ్ నెమ్మదిగా, ప్లే క్లాక్‌ని (ఒక్కో ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువుని) చివరిదాకా లాగి, పరుగు ఆటతో గడియారాన్ని తినేస్తే అది తొమ్మిది పది అవుతుంది. పైగా 2023 నుంచి ఒక్కో హాఫ్ చివరి 2 నిమిషాల్లో తప్ప ఫస్ట్ డౌన్ (పది గజాలు దాటి కొత్తగా నాలుగు ప్రయత్నాలు) వచ్చినా గడియారం ఆగడం లేదు. పది అవకాశాల్లో రెండు ఇంటర్‌సెప్షన్లు, ఒక బ్లాక్ పడ్డాయంటే ఎంత బలం ఉన్నా చాలదు. మేం పెద్ద టీమ్ వైపు కూర్చుని చిన్న టీమ్ వీడియో చూసేటప్పుడు మొదట భయపడేది దీనికే.

అదే నార్తర్న్ ఇల్లినాయ్ తర్వాతి మ్యాచ్‌లో సొంత గ్రౌండ్‌లో బఫలో చేతిలో 23-20తో ఓడిపోయింది. అదీ ఫిక్సింగేనా మరి?

అపోహ: ఒక్క ఓటమితో మా సీజన్ అయిపోయింది

ఇది పెద్ద టీముల ఫ్యాన్స్ కోసం. మ్యాచ్ ముందు రోజు నుంచే టెన్షన్‌తో అన్నం తినలేనివాళ్ళు నాకు తెలుసు. మీ బాధ నాకు అర్థమవుతుంది, గెలిస్తే ఎవరూ పట్టించుకోరు, ఓడితే ఇరవై ఏళ్ళు గుర్తుంటుంది. మిషిగన్ వాళ్ళని అడగండి, 2007 సెప్టెంబరు 1న లక్షా తొమ్మిది వేల మంది కళ్ళ ముందు అపలాచియన్ స్టేట్ 34-32తో ఓడించిన సంగతి ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. కానీ ఆ మిషిగనే ఆ సీజన్ చివర్లో బౌల్ గేమ్‌లో ఫ్లోరిడాని ఓడించింది. 2024లో ప్లేఆఫ్ 12 టీములకి పెరిగాక పరిస్థితి ఇంకా మారింది. నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో ఓడిన నోటర్ డేమ్ నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ ఫైనల్లో వాళ్ళని ఓడించిన ఒహాయో స్టేట్ కూడా నవంబరు 30న సొంత గడ్డ మీద మిషిగన్‌తో 13-10తో ఓడిన టీమే. కాబట్టి తినండి, పడుకోండి.

అపోహ: చిన్న కాలేజీ పిల్లల్ని డబ్బు కోసం బలి ఇస్తారు

సగం నిజం. పెద్ద కాలేజీ డబ్బిచ్చి చిన్న కాలేజీని రప్పించుకునే గ్యారంటీ గేమ్ అంటేనే డబ్బు. నార్తర్న్ ఇల్లినాయ్‌కి ఆ మ్యాచ్‌కి ముట్టింది 14 లక్షల డాలర్లు, 2007లో అపలాచియన్ స్టేట్‌కి 4 లక్షలు. ఆ డబ్బుతోనే చాలా చిన్న కాలేజీల్లో ట్రాక్, ఈత లాంటి ఆటలు బతుకుతాయి. పాత రోజుల్లో దీని మొహం వేరు: 1916లో కంబర్లాండ్ కాలేజీ టీమ్‌నే ఎత్తేసినా, రాకపోతే 3,000 డాలర్లు కట్టాల్సి వస్తుందని కుర్రాళ్ళని పోగుచేసి జార్జియా టెక్‌కి పంపింది. స్కోరు 222-0. ఇప్పుడలా కాదు, ఈ పిల్లలు ఈ తేదీ కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. 2017లో 45 పాయింట్ల అండర్‌డాగ్‌గా లాస్ వేగాస్ వెళ్ళిన హోవర్డ్ 43-40తో యూఎన్ఎల్‌వీని ఓడించి వచ్చింది. గాయాల భయం ఉన్న మాట నిజమే, అది ఏ మ్యాచ్‌లోనైనా ఉంటుంది.

అపోహ: ఏకపక్షం మ్యాచ్ కదా, హాఫ్‌టైమ్‌కే వెళ్ళిపోవచ్చు

వెళ్ళకండి. టికెట్ చవగ్గా దొరికేది ఈ మ్యాచ్‌లకే, మొదటిసారి చూసే మన పిల్లల్ని వీటికే తీసుకెళ్ళండి, నాలుగో క్వార్టర్ దాకా ఉండండి. స్కాలర్‌షిప్ లేకుండా, సొంత ఫీజు కట్టుకుని, పొద్దున ఐదింటికి ప్రాక్టీస్‌కి వచ్చే వాకాన్ కుర్రాళ్ళు మైదానంలోకి దిగేది అప్పుడే. కొన్నేళ్ళ కిందట మా దగ్గర ఒకబ్బాయి ఉండేవాడు, నాలుగేళ్ళూ ఎదుటి టీమ్ వేషం వేసి మా డిఫెన్స్‌తో దెబ్బలు తినడమే వాడి పని. సీనియర్ ఇయర్‌లో ఒక చిన్న కాలేజీతో మ్యాచ్ 49-3 ఉన్నప్పుడు వాడిని పంపారు. మూడు స్నాప్‌లు ఆడాడు, బంతి ఒక్కసారీ వాడి వైపు రాలేదు. నా షీట్‌లో ఆ మూడూ ఎక్కించి తలెత్తి చూస్తే స్టేడియం సగం పైన ఖాళీ, ఎదురు స్టాండ్‌లో వాళ్ళమ్మ మాత్రం లేచి నిలబడి ఉంది.