ట్రంకు రోడ్డు మానులు: తగాదా ఎక్కడ మొదలైంది

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రోడ్డు విస్తరణ మాట వచ్చినప్పుడల్లా పాత చింతమానుల మీద, మర్రిమానుల మీద రంగుతో అంకెలు వేస్తారు. దాంతో ఆ మానులను కొట్టాలనే అధికారులకూ ఉంచాలనే ఊరివాళ్లకూ మధ్య పాత తగాదా మళ్లీ రాజుకుంటుంది. నెల్లి (ఉసిరి) చెట్టు పేరున నెల్లూరు వెలసిందన్న కథ ఇక్కడ అందరికీ తెలిసిందే. ఈ తగాదాను అర్థం చేసుకోవాలంటే మాత్రం మద్రాసు నుంచి కలకత్తాకు పోయే ట్రంకు రోడ్డు దగ్గర మొదలుపెట్టాలి.

ఎడ్లబండ్ల కాలంలో దారి పక్క చెట్టుకు నీడతోపాటు రాబడి కూడా ఉండేది. 1884 నాటి మద్రాసు చట్టంతో స్థానిక బోర్డులు స్థిరపడ్డాక, రోడ్ల వెంట ఉన్న చింతచెట్ల కాయను వేలం వేసి ఆ సొమ్మును బోర్డు లెక్కలో జమ చేసుకునేవారు. పాట పాడుకున్నవాడు కాయ దిగేదాకా ఆ చెట్టును కనిపెట్టుకుని ఉండేవాడు కనుక, కొమ్మ నరికితే అడిగే మనిషంటూ ఒకడు ఉండేవాడు.

ఢిల్లీ, ముంబయి, చెన్నై, కలకత్తాలను వెడల్పాటి రోడ్లతో కలపడానికి 1998లో ప్రకటించిన స్వర్ణ చతుర్భుజి పథకంతో ఈ ఏర్పాటు తలకిందులైంది. ఈ ట్రంకు రోడ్డే అయిన అప్పటి అయిదో నంబరు జాతీయ రహదారి, అంటే నేటి పదహారు, నాలుగు వరుసలుగా మారినప్పుడు చెట్టు రాబడి పద్దులోంచి అడ్డంకుల జాబితాలోకి వెళ్లింది. నేటి వాదనలన్నిటికీ ఆ మార్పే మూలమని నా అభిప్రాయం. 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే రాష్ట్ర నీరు, భూమి, చెట్ల చట్టం, చెట్టు కొట్టడానికి అనుమతి తప్పనిసరి చేసింది, కానీ అనుమతి కాగితంలో నూరేళ్ల మర్రి అయినా నిన్నటి తుమ్మ అయినా ఒక చెట్టుగానే లెక్కకు వస్తుంది.

ఇరుకు రోడ్డు మీద ప్రమాదాలు జరుగుతున్నాయన్న అధికారుల మాట అబద్ధం కాదు. బదులుగా మొక్కలు నాటుతామనీ వారు అంటారు. ఊరివాళ్ల లెక్క వేరు. మర్రి మొదటి బోదె పుచ్చి పోయినా ఊడలే బోదెలై మానును నిలబెడతాయి కాబట్టి దాని వయసు తేల్చడం కష్టం. అందుకే వాళ్లు జ్ఞాపకాలతో కొలుస్తారు: 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాన్లను తట్టుకున్న మాను, తాతలు పంచాయితీ చేసిన మాను. కందుకూరు ప్రాంతంలో నిలిచిన పాత చింత ఒకటి ఉన్నచోటు నుంచి కదలకుండానే 1970లో నెల్లూరు నుంచి ఒంగోలు జిల్లాకు, అంటే తర్వాతి ప్రకాశానికి మారి, 2022లో మళ్లీ నెల్లూరుకు వచ్చింది.

కర్ణాటకలో దేవనహళ్లి దగ్గరి నల్లూరు చింతతోపును 2007లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దానికి ఆధారమైన 2002 నాటి కేంద్ర జీవవైవిధ్య చట్టం మన రాష్ట్రానికీ వర్తిస్తుంది. రంగుతో అంకె వేయకముందే ఆ చట్టం కింద వారసత్వ స్థలాలుగా ప్రకటించడానికి పాత మానుల పేర్లు పంపాలన్నదే ఇప్పుడు ఊళ్లవాళ్లు అడగవలసిన కోరిక.