శాటిలైట్‌ను జరుపుతున్నారట! అపోహలు, వాస్తవాలు

పాత కమ్యూనికేషన్ శాటిలైట్‌ను ఇప్పుడున్న స్లాట్ (భూమధ్యరేఖకు పైన కక్ష్యలో దానికి కేటాయించిన చోటు, రేఖాంశం డిగ్రీల్లో చెబుతారు) నుంచి మరో చోటికి తరలించడానికి అనుమతి అడిగారని ఎక్కడో చిన్న వార్త వస్తుంది. రెండో రోజుకి అది వాట్సాప్‌లో "శాటిలైట్ చచ్చిపోయింది"గా మారుతుంది. మూడో రోజు నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. విశాఖలో, అటు అనకాపల్లి, ఇటు విజయనగరం వరకు కేబుల్ హెడ్‌ఎండ్‌లు (ఛానళ్లను డిష్‌తో పట్టి ఇళ్లకు పంపే కేంద్రాలు), వీశాట్ లింకులు (చిన్న డిష్‌తో నడిచే శాటిలైట్ డేటా కనెక్షన్లు), పోర్టుకు వచ్చే ఓడల యాంటెన్నాలు చూసుకోవడం నా పని. అందరి ప్రశ్నా ఒకటే: "అన్నా, మన సిగ్నల్ పోతుందా? ఇప్పుడే డిష్ తిప్పేయమంటావా?"

వద్దు. దయచేసి తిప్పొద్దు.

అపోహ: అనుమతి అడిగారంటే సిగ్నల్ పోతున్నట్టే. ముందే కొత్త డిష్, కొత్త ఎల్‌ఎన్‌బి (డిష్ ముందు ఉండే, సిగ్నల్ అందుకునే పరికరం) కొనిపెట్టుకోవాలి.

నా అనుభవంలో జనం జేబుకు ఎక్కువ చిల్లు పెట్టింది ఇదే. ఆ మధ్య ఒక చిన్న ఊరి ఆపరేటర్ ఒక డీలర్ మాట నమ్మి, అప్పు చేసి రెండు డిష్‌లు కొన్నాడు. అంతటితో ఆగకుండా ఉన్న డిష్‌ను "కొత్త స్లాట్" వైపు తిప్పేశాడు. సాయంత్రం సీరియళ్ల వేళకు ఊరంతా బ్లాక్ స్క్రీన్. నేను వెళ్లేసరికి ఇంటి ముందు పదిమంది నిలబడి ఉన్నారు, లోపల ఆయన భార్య ఏడుస్తోంది. అప్పటికి ఆ శాటిలైట్ ఒక్క అంగుళం కూడా కదల్లేదు. పైగా ఆయన తీసుకునే ఛానళ్లన్నీ అంతకుముందే అదే స్లాట్‌లోకి వచ్చిన కొత్త శాటిలైట్ మీదికి మారిపోయాయి. ఫ్రీక్వెన్సీలు అవే, పోలరైజేషన్ (సిగ్నల్ తరంగం నిలువా అడ్డమా అన్నది) అదే. ఆయన చేయాల్సిన పని ఏమీ లేదు. డిష్‌ను మళ్లీ పాత గుర్తుల మీదికి తెచ్చి బోల్టులు బిగించాక సిగ్నల్ వచ్చేసింది. అప్పు మాత్రం మిగిలింది.

ఆయన్ని తప్పుపట్టను. నెల తిరిగేసరికి కనెక్షన్లు పోతాయన్న భయంతో ఉన్న మనిషికి "మీ శాటిలైట్ అయిపోయింది" అని ఎవరైనా చెబితే ఇంకేం ఆలోచిస్తాడు? నా కోపమంతా ఆ మాట చెప్పి సరుకు అమ్ముకున్నవాళ్ల మీదే.

పని జరిగే వరుస ఇది. ముందు బదులు శాటిలైట్‌నో, మరో చోట ట్రాన్స్‌పాండర్లనో (కింది నుంచి వచ్చిన సిగ్నల్‌ను అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు) సిద్ధం చేస్తారు. క్యారియర్లను, అంటే ఛానళ్లను మోసే సిగ్నళ్లను, దాని మీదికి మారుస్తారు. అన్నీ మారాక పాతదాని ట్రాన్స్‌పాండర్లు ఆపేస్తారు. ఆ తర్వాతే డ్రిఫ్ట్, అంటే కొత్త చోటి వైపు మెల్లగా జరగడం, మొదలవుతుంది. దారిలో కమాండ్ (ఆదేశాలు), టెలిమెట్రీ (శాటిలైట్ స్థితి సమాచారం), రేంజింగ్ (దూరం కొలిచే) సిగ్నళ్లు మాత్రమే నడుస్తాయి, అవి కూడా పక్క శాటిలైట్లకు ఇబ్బంది కలిగించకూడదనే షరతు మీద. అనుమతి కోరే దరఖాస్తులోనే సాధారణంగా ఇవన్నీ ఉంటాయి. కాబట్టి ఆ వార్త మీ కంట పడేసరికి, చాలాసార్లు మీ ఛానల్ ఆ శాటిలైట్ మీది నుంచి వేరేదానికి మారిపోయి ఉంటుంది.

నిజంగానే మీరు స్లాట్ మారాల్సి వస్తే బ్రాడ్‌కాస్టర్ నుంచో, సర్వీస్ ప్రొవైడర్ నుంచో రాతపూర్వకంగా నోటీసు వస్తుంది. శాటిలైట్ పేరు, డిగ్రీలు, డౌన్‌లింక్ ఫ్రీక్వెన్సీ, పోలరైజేషన్, సింబల్ రేట్ (డేటా వేగం, రిసీవర్‌లో నమోదు చేయాల్సిన అంకె), పాత కొత్త క్యారియర్లు రెండూ కలిసి నడిచే తేదీలు అందులో ఉంటాయి. ఆ కాగితం లేకుండా స్పానర్ పట్టుకోకండి.

ఇంకో మాట. "పది డిగ్రీలేగా, కాస్త తిప్పితే సరిపోతుంది" అంటారు. ఆ పది డిగ్రీలు కక్ష్యలో. మన విశాఖ రేఖాంశం దాదాపు 83.3 డిగ్రీలు కాబట్టి, 83 డిగ్రీల తూర్పున ఉన్న శాటిలైట్ మనకు నేరుగా దక్షిణాన, 69 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. అదే 93.5 డిగ్రీల స్లాట్‌కు మారాలంటే ఎత్తు మూడు డిగ్రీలే తగ్గుతుంది, దిశ మాత్రం 30 డిగ్రీల దాకా తూర్పుకు తిరగాలి. ఎల్‌ఎన్‌బి స్క్యూ (దాన్ని తన చుట్టూ తిప్పి పెట్టే కోణం) కూడా మార్చాలి. మీటర్ లేకుండా కంటి అంచనాతో చేసే పని కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక మేడల మీద వంగిపోయిన డిష్‌లను మళ్లీ అలైన్ చేయించుకున్నవాళ్లకు ఇది ఎంత ఓపిక పనో తెలుసు.

పుకారుకు తోడు సన్ అవుటేజ్ (సూర్యుడి వల్ల కాసేపు సిగ్నల్ పోవడం) వస్తే టెన్షన్ రెట్టింపవుతుంది. మార్చి రెండో వారం ప్రాంతంలోనూ, మళ్లీ సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లోనూ సూర్యుడు శాటిలైట్ వెనక్కి వస్తాడు. మనకు 83 డిగ్రీల స్లాట్ మీద మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో రోజూ కొన్ని నిమిషాలు సిగ్నల్ పోతుంది. కొద్ది రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది. దానికీ తరలింపుకూ సంబంధం లేదు.

అపోహ: పాత శాటిలైట్ మన మీద పడుతుంది.

పడదు. అది ఉన్నది 35,786 కిలోమీటర్ల ఎత్తులో. ఆయుష్షు తీరిన ఇలాంటి జియో శాటిలైట్‌ను (భూమితో పాటే తిరుగుతూ ఒకే చోట ఉన్నట్టు కనిపించేదాన్ని) కిందికి దించరు, ఇంకా పైకి పంపుతారు. 2007లో వెళ్లిన ఇన్‌శాట్-4బిని 2022 జనవరిలో ఇస్రో అలాగే జియో కక్ష్యకు సుమారు 340 కిలోమీటర్ల పైకి చేర్చి ఆపేసింది.

అపోహ: కంపెనీ శాటిలైట్, కంపెనీ ఇష్టం. అనుమతి ఒట్టి సంతకం.

అమెరికా లైసెన్స్ ఉంటే అక్కడి కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఒప్పుకోవాలి. మన దగ్గర అంతరిక్ష కార్యకలాపాలకు అనుమతులిచ్చే ఇన్‌-స్పేస్ ఒప్పుకోవాలి, ఫ్రీక్వెన్సీల వ్యవహారం టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం చూస్తుంది. ఆపైన ఐటీయూలో (అంతర్జాతీయ టెలికాం సంఘం) ఫైలింగ్, కొత్త స్లాట్ పక్కవాళ్లతో కో-ఆర్డినేషన్. ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే 2010లో గెలాక్సీ 15 శాటిలైట్ సంగతి చూడండి. ఏప్రిల్‌లో కమాండ్లు వినడం మానేసింది, ట్రాన్స్‌పాండర్లు మాత్రం ఆగలేదు. అలాగే కక్ష్యలో జరుగుతూ పక్క శాటిలైట్ల స్లాట్లలోంచి వెళ్లింది. డిసెంబర్‌లో గానీ మళ్లీ అదుపులోకి రాలేదు. అన్ని నెలలూ దారిలో ఉన్న ఆపరేటర్లంతా తమ సిగ్నళ్లు కాపాడుకోవడానికి తంటాలు పడ్డారు.

అపోహ: కొత్త స్లాట్‌కు వెళ్తోందంటే అక్కడి నుంచి కొత్త ఛానళ్లు వస్తాయి.

రావచ్చు, రాకపోవచ్చు. ఐటీయూ నియమాల ప్రకారం ఒక స్లాట్ ఫ్రీక్వెన్సీలు వాడుకలోకి వచ్చాయని చూపాలంటే, ఆ ఫ్రీక్వెన్సీలు వాడగల శాటిలైట్ ఒకటి అక్కడ వరుసగా 90 రోజులు ఉండాలి. వాడకం ఆపితే గరిష్ఠంగా మూడేళ్లలోపు మళ్లీ మొదలుపెట్టాలి. కాబట్టి హక్కు నిలబెట్టుకోవడానికే పాతదాన్ని తెచ్చి పెట్టే సందర్భాలూ ఉన్నాయి.

అపోహ: ఇంధనం అయిపోయింది కాబట్టే జరుపుతున్నారు.

ఇంధనం అయిపోతే అసలు జరపలేరు. నిజానికి రోజుకు ఒక డిగ్రీ చొప్పున జరగడానికి పెద్దగా ఖర్చు కాదు. మొదలుపెట్టడానికి, ఆపడానికి కలిపి సెకనుకు ఆరు మీటర్ల వేగం మార్పు చాలు. ఉత్తర దక్షిణాలుగా ఊగకుండా నిలబెట్టడానికే ఏడాదికి సెకనుకు 50 మీటర్ల దాకా వేగం మార్పు కావాలి. అందుకే వయసు మీరిన శాటిలైట్‌కు ఆ పని మానేసి, చివర్లో పైకి పంపడానికి కావలసింది దాచిపెడతారు. అప్పటి నుంచి దాని వంపు (కక్ష్య భూమధ్యరేఖ తలం నుంచి వాలిన కోణం) ఏడాదికి ముప్పాతిక నుంచి ఒక డిగ్రీ దాకా పెరుగుతూ పోతుంది. భూమి మీది నుంచి చూస్తే అది రోజూ ఆకాశంలో ఎనిమిది అంకె గీస్తున్నట్టు కదులుతుంది.

అలాంటి వంపు తిరిగిన శాటిలైట్ మీద చవకగా బ్యాండ్‌విడ్త్ దొరుకుతోందని సంతకం పెట్టేవాళ్లు చూడాల్సింది ఇక్కడే. ఓడల మీది యాంటెన్నాలు అలల ఊపుకు తట్టుకుని శాటిలైట్‌ను వెంటాడేలా తయారైనవి, వాటికి ఈ కదలిక లెక్కలోది కాదు. పోర్టులో కొందరు కెప్టెన్లు అలాంటి లింకుల మీద నిశ్చింతగా నడుపుకుంటున్నారు. అది చూసి గోడౌన్ మీద కదలని 1.2 మీటర్ల కేయూ బ్యాండ్ డిష్ పెట్టి అదే ప్లాన్ తీసుకుంటే, వంపు ఒక డిగ్రీ దాటేసరికి లింక్ రోజూ తెగుతుంది. సంతకానికి ముందు రెండే అడగండి: ఇవాళ వంపు ఎంత, ఒప్పందం ముగిసే రోజుకు ఎంత ఉంటుంది. జవాబు కాగితం మీద ఇవ్వకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.